ఎడమ లైటు

చిరంజీవి అమ్మడికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాళ్ళు మాత్రం, స్టూడియో మేడ మీద పెట్టినందుకు మెట్లెక్కినప్పుడల్లా నన్ను తిట్టిస్తున్నాయి. నువ్వూ అల్లుడుగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు ఆలస్యం చేసినందుకు కోప్పడకు. నువ్వు కొని పంపిన పాత ఫ్లాష్ లైట్లు ఎలా ఉన్నాయని అడిగావు. చాలాకాలం వాడకుండా పడున్నవి కదా, ఒక్కసారిగా పూర్తి పవరు పెట్టొద్దని పంపినప్పుడే అన్నావు. పెట్టలేదు. మొదటిరోజంతా తక్కువలో ఉంచి, పసిపిల్లకి పాలు పట్టినట్టు కొంచెం కొంచెంగా చార్జి పట్టించాను. గాజు పాతబడి మొహాలు కాస్త పచ్చగా పడుతుంటే కెమెరాలో సర్దుకుంటున్నాను. చార్జి నిండిందని కుయ్‌మన్నాక కూడా రెండు క్షణాలు ఆగి నొక్కాలి, లేకపోతే సగం వెలుగే ఇస్తాయి. వయసు మళ్ళినవాళ్ళని తొందరపెట్టకూడదని ఆమాత్రం నాకూ తెలుసు.

ఇక ఎడమ లైటు సంగతి. కుడి లైటు వెలుగు తగలగానే అది దానంతటదే వెలగాలి. వెలగట్లేదని నీకు మూడు ఉత్తరాలు రాశాను. ఫొటోలో ఆ పక్క వెలుగు పడి ఉంటే, ఈసారికి దయతలిచింది కాబోలు అనుకునేవాణ్ని. నాకు కనపడేది కాదు కాబట్టి పవరు పెంచేవాణ్ని. ఒక చెంప సున్నం కొట్టినట్టుందని ముగ్గురి పాస్‌పోర్టు ఫొటోలు తిరిగొచ్చాయి. కుడి లైటు వెలుగుని పసిగట్టే సెన్సరు దూదితో తుడిచాను, తీగలు మార్చాను, తిట్టాను. నువ్వేమో నా మాట నమ్మి, లైట్లు అమ్మిన పెద్దాయన కొట్టుకెళ్ళి నలుగురిలో నిలదీశావు. ముప్ఫై ఏళ్ళు తన దగ్గర ఒక్కరోజు కూడా మొరాయించలేదని ఆయన అంటే, అబద్ధాలకోరని నాకు రాశావు.

కిందటివారం లైట్లు బాగుచేసే మెకానిక్‌ని పిలిపించాను. నన్ను స్టూలు మీద కూచోబెట్టి, నేరుగా ఎదురుగా చూడమని లైట్లు వెలిగించాడు. ఎడమది వెలగలేదన్నాను. వెలుగు కొలిచే మీటరు చేత్తో పట్టుకుని నాలుగుసార్లు వెలిగించాడు. నాలుగుసార్లూ లేదన్నాను. అప్పుడతను రెండు లైట్లనీ అటుదిటు, ఇటుదటు మార్చి మళ్ళీ నొక్కాడు.

"ఇప్పుడిది బాగానే వెలిగింది. ఎడమపక్కకి తెచ్చింది పోయినట్టుందే" అన్నాను.

అతను మీటరు జేబులో పెట్టుకుని నా పక్కకొచ్చాడు. "లైట్లు రెండూ బాగున్నాయి మాస్టారూ. మీరు కళ్ళ డాక్టరుకి చూపించుకోండి."

ఆడలేక మద్దెల ఓడన్నాను అమ్మడూ. మర్నాడే వెళ్ళి చూపించుకున్నాను. ఎడమకన్ను చాలావరకు పోయిందట. లోపల ఒత్తిడి పెరిగి, నొప్పైనా లేకుండా, అంచుల నుంచి తినుకుంటూ వచ్చిందట. పోయిన చూపు తిరిగిరాదు. కుడికంట్లోనూ మొదలైంది. చుక్కల మందుతో ఉన్నది నిలబెట్టుకోవాలి. ఆరోజు స్టూడియోకి తాళం వేసి, మెట్ల మీద కూచుని ఏడ్చాను. మీ అమ్మకి నిన్ననే చెప్పాను.

పెద్దాయనకి వేరే కాయితం రాసి జతచేశాను. నువ్వే తీసుకెళ్ళి చేతికివ్వు. తప్పు నాది, నోరు జారింది నీది. ఇద్దరి తరఫునా క్షమించమని అడుగు.

నిజానికి కన్ను సంగతి నీకు రాయకూడదనే అనుకున్నాను. లైటు బాగుపడిందని ఒక్క ముక్క రాసి ఊరుకుందామనుకున్నాను. కానీ డాక్టరమ్మ, ఇది మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అని అడిగింది. మా అమ్మ గుర్తొచ్చింది. నడుస్తూ నడుస్తూ భుజం తలుపుకి కొట్టుకునేది. పిల్లలం పగలబడి నవ్వేవాళ్ళం, ఆవిడా మాతోపాటు నవ్వేది. పిల్లలకీ రావచ్చు, వెంటనే చూపించమంది డాక్టరమ్మ. నీకు నా చెవులొచ్చాయని, నా కోపమొచ్చిందని ఇన్నాళ్ళూ మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తోంది.

ఈ ఉత్తరం అందిన రోజే వెళ్ళి కళ్ళు చూపించుకో తల్లీ. ఏం చెబితే అది ఉన్నదున్నట్టు రాయి. బాగున్నాయని ఊరికే రాస్తే నమ్మను, నేనూ అలాగే రాద్దామనుకున్నవాణ్నే కదా. డాక్టరిచ్చిన చీటీ కూడా పంపు. అక్షరాలు కాస్త పెద్దవిగా రాయి.

ఇట్లు,
మీ నాన్న