బుడంకాయ ఓడిన పందెం

అమ్మా, నీ మనవరాలు బాగానే ఉంది. కంగారు పడకుండా మిగతాది చదువు.

పోయిన వారమంతా మా బుడంకాయ చెంబులకొద్దీ నీళ్ళు తాగింది. ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలుపెట్టింది. చిన్నప్పుడు నాకు షుగర్ బయటపడింది కూడా ఇలాగే కదా! ఒకరోజు అది చటుక్కున గుర్తొచ్చింది. కుడుతున్న చొక్కా అలాగే వదిలేసి దుకాణం నుంచి ఇంటికి పరిగెత్తాను. నేను షుగర్ చూసుకునే మిషన్‌తోనే చూద్దామంటే, అది వేలు ఇస్తేగా! "పందెం వేసుకుందాం, ముందు నాది" అని నా వేలు గుచ్చుకున్నాను. అప్పుడు చెయ్యి చాపింది. అంకె కనబడేదాకా మిషన్ మీంచి కళ్ళు తిప్పలేదు.

"ఎవరికి ఎక్కువొచ్చింది నాన్నా?"

"నాకేనే తల్లీ. నీకు అందులో సగం కూడా లేదు."

ఓడిపోయానని ఒకటే ఏడుపు! దాన్ని ఎత్తుకుని నేనూ ఏడ్చాను. అయినా మనసొప్పక అప్పటికప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి, షుగర్ కాదు, మూత్రంలో ఇన్ఫెక్షన్ అని మందులిచ్చింది. ఎండలకు దాహం మామూలేనంది. ఇప్పుడు తగ్గింది.

నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? వంటింటి కుళాయి కారడం ఆగిందా? నాన్న కళ్ళజోడు మార్పించుకున్నారా, ఇంకా దారం కట్టుకునే తిరుగుతున్నారా?

నాకు రోజూ సూది వేసేటప్పుడు నీ చెయ్యి ఒక్కసారి కూడా వణకలేదు. దాని వేలు పట్టుకుంటే నా చెయ్యి ఎంత వణికిందో! ఎలా చేశావమ్మా? నాలుగు రోజులు ఉండేలా వచ్చి చెప్పు.

ఆ చేతిని కళ్ళకద్దుకుంటూ,
నీ కొడుకు