బఫూన్‌ను అడిగిన ప్రశ్న

కుప్పం
సోమవారం

ప్రియమైన మామకు,

ఇక్కడ అందరం క్షేమం. మన మనవడు బోర్లా పడుతున్నాడు. పడ్డాక మళ్ళీ తిరగడం తెలియక అరిచి నన్ను పిలుస్తాడు. అచ్చం నీ పోలికే. చేసేదేదో చేయడం, తర్వాత రత్నమ్మ చూసుకోవడం. మన బిడ్డ కుసుమ బ్యాంకుకు పోయిందంటే సాయంత్రం దాకా వాడితోనే సరిపోతుంది.

ఫోన్ చేయకుండా ఉత్తరమెందుకు అంటావేమో. ఫోన్ చేస్తే నువ్వు స్పీకరు పెట్టి టీ అంగడికంతా వినిపిస్తావు. ఇది అంగడికి పోవాల్సిన సంగతి కాదు.

మదనపల్లెలో టీవీ వాళ్ళు నీతో ముఖాముఖి తీస్తారనీ, సినిమా హీరోయిన్ తన్విక వచ్చి ప్రశ్నలడుగుతుందనీ విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. నలభై ఏళ్ళు ముఖానికి రంగు పూసుకుని, ఊరూరా వీధి నాటకాల్లో జనాన్ని నవ్వించావు. ఇన్నాళ్ళకు నిన్ను వెతుక్కుంటూ వచ్చారు. గర్వంగానే ఉంది. కానీ మామా, పెళ్ళినాడు కుసుమ ఈ ఇంట్లో ఏం చెప్పిందో నీకు తెలుసు కదా. నాయన డ్రామా మాస్టారని చెప్పింది. అల్లుడు ఉమాశంకర్‌కు నిజం తెలుసు గానీ, వాళ్ళమ్మ పాపక్క వదినకు ఈరోజుకూ తెలియదు. ఆ కార్యక్రమం వచ్చేనాడు వీధి వీధంతా ఈ ఇంటి టీవీ ముందే కూర్చుంటుంది. బఫూన్ అనే మాట మాత్రం ఎత్తొద్దు. తెల్ల పంచె కట్టుకో. నిదానంగా మాట్లాడు. బిడ్డ తల దించుకునే పని చేయొద్దు.

నీ రత్నమ్మ


పుంగనూరు
శనివారం

ప్రియమైన రత్నమ్మకు,

షూటింగు అయిపోయింది. పంచె కట్టుకునే పోయాను. కారు వాళ్ళే పంపారు. తోడుకు మన ఆటలో మద్దెల కొట్టే జయచంద్రను తీసుకుపోయాను. ఏసీ చలికి వాడు తలకు తువ్వాలు చుట్టుకుని మదనపల్లె దాకా వణుకుతూనే ఉన్నాడు. డ్రైవరు వాడికి జ్వరమనుకున్నాడు.

నీ మాట జవదాటలేదు. బఫూన్ అనే మాట నా నోట రాలేదు. ఆ తన్విక మంచి పిల్ల. కొంచెం కంగారు పడింది. మిగతాది టీవీలో వస్తే చూడు, రాకపోతే లేదు.

మనవడికి తిరగడం అప్పుడే నేర్పొద్దు. కొన్నాళ్ళు నిన్ను పిలవనీ.

నీ మామ
రెడ్డెప్ప


కుప్పం
గురువారం

ప్రియమైన మామకు,

అలవాటు కొద్దీ ప్రియమైన అని రాశాను. మనసు మాత్రం మండిపోతోంది.

నిన్న వాళ్ళు ఫోన్లలో చిన్న ముక్క వదిలారు. చూశావో లేదో. ఆ పిల్ల సింహాసనం లాంటి కుర్చీలో కాలు మీద కాలేసుకుని కూర్చుని, "అసలు మీరెవరు?" అని అడుగుతుంది. నువ్వు ఎదురుగా చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నావు. నోట మాట లేదు. అంతటితో అయిపోయింది. ఆ ముక్క కింద కామెంట్లలో జనం నవ్వుతున్నారు.

నిన్ను చూసి జనం నవ్వడం నాకు కొత్తేమీ కాదు. కానీ అది నువ్వు నవ్విస్తే వచ్చే నవ్వు. ఇది వేరే. ఎంత పొగరు మామా ఆ పిల్లకు! ఎవరో తెలియకుండానే ముఖాముఖికి వచ్చిందా? నీ నోటికేమైంది? ఎమ్మెల్యేలనే కూర్చోబెట్టి ఆటపట్టించిన నోరు కదా అది!

కుసుమ బ్యాంకులో ఎవరో ఆ ముక్క చూపించారట. ఇంటికి వచ్చి అన్నం తినలేదు. "మా నాయన అట్ల నిలబడుకోని ఉండాడు, నేను సూడలేకపోయినా, అమ్మా" అంది. ఆదివారం మొత్తం కార్యక్రమం వస్తుందట. పాపక్క వదిన అప్పుడే అందరినీ పిలిచేసింది. నేను తలనొప్పని చెప్పి లోపల పడుకుంటాను.

రత్నమ్మ


పుంగనూరు
శుక్రవారం

ప్రియమైన రత్నమ్మకు,

బస్సు కండక్టరుతో నువ్వు పంపిన ఉత్తరం పొద్దున్నే అందింది. ఇది కొరియర్‌లో పంపుతున్నాను, ఆదివారం లోపల అందాలని. కోపం పక్కన పెట్టి చదువు.

ఆ పిల్ల మొదటి ప్రశ్నే, నా తొలి సినిమాలో దర్శకుడు నన్నెలా గుర్తించాడని. నేనెప్పుడు సినిమాలో వేశాను? రెండో ప్రశ్న చెన్నైలో నా బంగళా గురించి. హాల్లో కూర్చున్న జనం ఒకటే ఈలలు, కేకలు. ఆమె చేతిలో ఉన్న ప్రశ్నల కార్డు ఎవరో సినిమా హాస్యనటుడిదట. ఆమె దాన్ని ముందుగా చదవలేదు, నా గురించి వాకబూ చేయలేదు. ముఖం పాలిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జయచంద్ర నా చెవిలో, "వదలద్దన్నా, ఒక్క మాట ఎయ్" అన్నాడు. నాలుక చివర దాకా వచ్చింది కూడా.

కానీ రత్నా, మా ఆటలో బఫూన్ పనేంటి? తెర వెనక నుంచి రాజు వస్తే, ఎదురుపోయి ఎవరు స్వామీ తమరు, ఏ దేశం, ఏం పని మీద వచ్చారని అడగాలి. ఆ ప్రశ్నలకు జవాబుగానే రాజు తన కథ చెప్పుకుంటాడు. కొత్త రాజు పాట మరిచిపోతే, జనానికి తెలియకుండా బఫూన్ ఇంకో ప్రశ్న అందిస్తాడు. రాజు పడితే నాటకమే పడుతుంది. రంగస్థలం మీద పడినవాళ్ళను లేపడమే గానీ తొక్కడం నాకెవరూ నేర్పలేదు.

అందుకే లేచాను. జయచంద్ర చేత వాడి తువ్వాలును ఆ పిల్ల ముందు తెరగా పట్టించి, "ఎవరు సామీ తమరు?" అన్నాను. తన్వికనని గొణిగింది. "ఏ దేశానికి రాజు?" హైదరాబాద్ అంది. "అంత దూరం నుంచి మదనపల్లెకు యాల వచ్చినారు సామీ, టమేటా రేటు కనుక్కోని పోదామనా?" అన్నాను. హాలంతా నవ్వింది. ఆ పిల్లా నవ్వింది. కాలు మీద కాలేసి రాజులా కూర్చోమని చెప్పింది నేనే. తర్వాత చూడాలి, ఎంత చక్కగా అందుకుందో! నన్నే ఎదురు దబాయించింది. వీధి నాటకం గురించి నేను గంటసేపు చెప్పినా ఆ జనానికి అంత అర్థమయ్యేది కాదు.

అప్పుడు తనంతట తానే అడిగింది, అసలు మీరెవరు అని. నలభై ఏళ్ళుగా ప్రతి రాజునూ నేనే అడిగాను. తిరిగి నన్ను అడిగిన రాజు లేడు. నీకిచ్చిన మాట గుర్తొచ్చింది. బఫూన్ అంటే బిడ్డకు తలవంపు. మాస్టారంటే నా పనికి ద్రోహం. తల వంచుకున్నాను. ఫోన్లో మీరు చూసింది ఆ కాసేపే. తర్వాత ఏదో ఒకటి చెప్పానులే.

ఆ అమ్మాయికి పరువు తక్కువని కార్డు సంగతీ, ఆటా కోసేస్తామని ఆమె మేనేజరు అన్నాడు. కోస్తే నేను తల వంచుకున్నదే మిగులుతుంది. పోయి అడుక్కోను. బిడ్డకు మాత్రం నచ్చజెప్పు.

నీ మామ
రెడ్డెప్ప


కుప్పం
ఆదివారం

ప్రియమైన మామకు,

నీ కాగితం కుసుమకు చూపించాను. చదివి మడిచి తన దగ్గరే పెట్టుకుంది. సాయంత్రం బిడ్డను ఎత్తుకుని వచ్చి అందరికంటే ముందు కూర్చుంది. తలనొప్పి లేదు ఏమీ లేదని నన్నూ లాక్కొచ్చింది.

వాళ్ళు ఒక్క ముక్క కూడా కోయలేదు మామా. మొదట్లోనే తన్విక ఒంటరిగా కనిపించి చెప్పింది. "ఆ రోజు నేనేమీ చదువుకోకుండా వెళ్ళాను. ఆ భాగం తీసేద్దామన్నారు, నేనే వద్దన్నాను. ఈయన నన్నెలా నిలబెట్టారో మీరు కూడా చూడాలి" అంది. పొగరన్నాను కదా ఆ పిల్లను, ఆ మాట వెనక్కు తీసుకుంటున్నాను. టమేటా మాటకు పాపక్క వదిన నవ్వీ నవ్వీ పొర పోయి, నీళ్ళు తెచ్చివ్వాల్సి వచ్చింది.

తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. నువ్వు తల వంచుకున్నావు. నువ్వు తలెత్తి, "కుప్పంలో బ్యాంకులో పనిచేసే బిడ్డ ఉండాది నాకు, కుసుమ. నేను ఆ బిడ్డ నాయన్ని. అంతకన్నా పెద్ద పేరు నాకు యాడా లేదు" అన్నావు.

నేను కుసుమ వైపు చూడలేకపోయాను. కుసుమే లేచింది. బిడ్డ చంకలో ఉన్నాడు, కళ్ళు కారిపోతున్నాయి. నిండు సభలో చెప్పినట్టు చెప్పింది: "అత్తా, మా నాయన డ్రామా మాస్టారు కాదు. బఫూన్. వీధి నాటకంలో బఫూన్ రెడ్డెప్ప అంటే మా నాయనే."

పాపక్క వదిన చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "నాకు పెండ్లి సూపుల నాడే తెలుసు పాపా. నా పిల్లప్పుడు రామకుప్పంలో మీ నాయన ఆట సూసి పడీపడీ నవ్వినా. నువ్వే యాల సెప్పవో అని ఇన్నాళ్ళూ కాసుకోని ఉండా" అంది.

మనవడి అన్నప్రాశనకు రా మామా. పంచె వద్దు. రంగు, టోపీ, గజ్జెలు అన్నీ తెచ్చుకో. ఇది నా మాట కాదు, నీ బిడ్డ రాయమన్న మాట. ఇక్కడ వీధిలో ఎవరింటికని అడగాల్సిన పని కూడా లేదు. నీ పేరు చెప్పు, వాళ్ళే తీసుకొచ్చి దిగబెడతారు.

ఇట్లు,
బఫూన్ రెడ్డెప్ప పెండ్లాం
రత్నమ్మ