ముట్టి చూడు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నకిరేకల్‌లో మనవాళ్లు నీ ఫొటోకి దండ వేసి ఉంటారు. నేను మాత్రం పొద్దున ఫ్రాన్స్‌లో ఈ చిన్న ఊరి అంగడిలో బెండకాయల బుట్ట ముందేసుకుని కూర్చున్నాను.

పెళ్లయి వచ్చిన కొత్తలో ఇదే అంగడిలో, అలవాటు కొద్దీ ఒక చిక్కుడుకాయ విరిచి చూశాను. అమ్మే ముసలామె నా చేతిలోంచి లాగేసుకుంది. "ఇక్కడ మనం ముట్టుకోకూడదు, వాళ్లే ఏరి ఇస్తారు," అన్నాడు మా ఆయన లూక్. నాకు ఒళ్లు మండిపోయింది. నకిరేకల్ అంగడిలో నువ్వు కూరగాయలు అమ్మేటప్పుడు వచ్చిన ప్రతి మనిషినీ పిలిచి, "ముట్టి సూడు బిడ్డా, ముట్టకుంటె ఎట్ల తెలుస్తది?" అనేదానివి. వాళ్లు విరిచిపోయిన కాయలే సాయంత్రం మన కూర.

ఈ అంగడిలో నాకూ ఒక జాగా ఉండాలని ఆ రోజే అనుకున్నాను. పెరట్లో బెండ పెట్టాను. మొదటేడు చలికి చచ్చిపోయింది. మళ్లీ పెట్టాను.

ఈ రోజు ఆ చిక్కుడుకాయల ముసలామే నా బుట్ట దగ్గరికొచ్చింది. బెండకాయ ఎన్నడూ చూడలేదట. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. ఒక కాయ ఆమె చేతిలో పెట్టి, కొస విరవమన్నాను. అటూ ఇటూ చూసి విరిచింది. టప్పుమంది. ఆమె నవ్వింది. ఇంకోటి తనే తీసుకుంది, నన్ను అడగలేదు.

విరిచిన కాయలు ఇంటికి తెచ్చాను అవ్వా. ఈ పూట మా కూర అదే.