రొట్టె కొరకని ప్రయాణం

సమర్ఖండ్

బంగారు అమ్మకు,

నీ మొండి కూతురు సనోబర్ రాసేది. నువ్వు ఫోను తియ్యడం లేదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కోపమొచ్చినా చివరిదాకా చదువు.

మన ట్రాములు ఇక్కడ దర్జాగా నడుస్తున్నాయమ్మా. తాష్కెంట్‌లో పట్టాలు పీకేసినప్పుడు నువ్వు వారంరోజులు వీధి మొహం చూడలేదు. గుర్రాలు లాగిన కాలం నుంచి నూరేళ్లకు పైగా తిరిగిన ట్రామును రోడ్డుకు అడ్డమని తీసేశారు. ఆ బళ్లనే ఇక్కడికి తెచ్చారు. నలభై నాలుగేళ్లుగా ట్రాము మొహం ఎరగని ఊరిది. స్టేషన్ నుంచి సియోబ్ బజారుకు పోతుంటే జనం దుకాణాలు వదిలి బయటికొచ్చి చూస్తున్నారు. పుచ్చకాయల బస్తాలతో ముసలమ్మలు, ముస్తాబుతో పెళ్లికూతుళ్లు, అందరూ ఎక్కుతున్నారు. డ్రైవరు సీట్లో కూర్చుంటే నా గర్వానికి పట్టపగ్గాలుండవు.

మొన్న పరధ్యానంగా మైకులో "తర్వాతి స్టాపు మీరాబాద్ బజార్" అనేశాను. పదిహేనేళ్ల అలవాటు కదా! బండంతా ఘొల్లుమంది. ఒక ముసలాయన, "అమ్మాయ్, అది తాష్కెంట్‌లో కదా ఉంది! ఇంకో మూడొందల కిలోమీటర్లు పట్టాలు వేయించు, వస్తాం" అన్నాడు. "వేయిస్తా తాతా, టిక్కెట్టు మాత్రం ఇప్పుడే తీసుకో" అన్నాను.

ఇక అసలు సంగతి. ఆర్నెల్లకని వచ్చినదాన్ని ఇక్కడే ఉండిపొమ్మంటున్నారు. ఆరుగురు అమ్మాయిలకు బండి నేర్పాలట. వాళ్లలో నిగోరా అనే పిల్ల మలుపు రాకముందే వేగం తగ్గించే తీరు అచ్చం నువ్వు ట్రాము నడిపినప్పటిదే. నెలాఖరులోగా మాట చెప్పాలి. నాకు ఉండాలనే ఉంది. కానీ బయల్దేరిన రోజు, ఊరెళ్లేవాళ్లతో కొరికించే రొట్టె నువ్వు నాతో కొరికించలేదు. పక్కింటివాళ్ల అల్లుడు రష్యాకు పనికి పోతుంటే నువ్వే వెళ్లి కొరికించావు, మిగిలింది గోడకు తగిలించి, "తిరిగొచ్చి తినాలిరోయ్" అన్నావు. కన్నకూతురితో మాత్రం "పో, రైలు టైమైంది" అన్నావు. అంటే తిరిగి రావద్దనేగా? రైల్లో దారిపొడుగునా ఏడ్చాను, ఎవరికీ చెప్పలేదు. నీ కోపం పోకపోతే వీళ్లకు కుదరదని చెప్పి వచ్చేస్తాను. ట్రాము ఎంత ప్రాణమైనా నాకు నీ తర్వాతే.

నీ
సనోబర్


తాష్కెంట్

తల్లీ సనోబర్,

నీ బుర్రకేమైందే? రావద్దని రొట్టె ఆపానా?

నేను పుట్టింది ఇప్పుడు నువ్వున్న ఊళ్లోనేనని నీకు తెలుసు. నేను మొదట ట్రాము నడిపింది కూడా అక్కడేనని నీకెప్పుడూ చెప్పలేదు. పందొమ్మిదేళ్లకు బండెక్కాను. ఏడు నెలలు తిరక్కుండానే ట్రాములు తీసేశారు. తాష్కెంట్‌కు బయల్దేరుతుంటే మీ అమ్మమ్మ నాతో రొట్టె కొరికించి గోడకు తగిలించింది. ట్రాము లేని ఊళ్లో నాకేం పని అని పంతం పట్టి, నౌరోజు పండక్కి కూడా నేను వెళ్లలేదు. మూడేళ్లకు ఆవిడ పోయింది. వెళ్లేసరికి రొట్టె గోడ మీదే ఉంది, నా పళ్ల గుర్తులతో. ఆవిడ రోజూ దాన్ని చూసుకునేదని చెప్పారు.

ఆ బరువు నీ మీద పెట్టదలచుకోలేదు. నాకోసం నువ్వు బండి దిగకూడదు. అంతేనే పిచ్చిదానా! ఇదంతా చెప్పాలంటే నోరు రాక ఫోను తియ్యలేదు. ఇన్నాళ్లూ నువ్వు ఏడుస్తున్నావని తెలిస్తే ఆ రోజే తీసేదాన్ని. తప్పు నాదే.

ఉంటానని చెప్పెయ్. కాదని వచ్చేశావో, తలుపు తియ్యను. ముప్పై ఏళ్లు ట్రాము నడిపినదాని కూతురు ట్రాము వదిలేసి వచ్చిందంటే ఈ వీధిలో నేను తలెత్తుకు తిరగొద్దూ?

వచ్చే ఆదివారం పొద్దుటి రైలుకు వస్తున్నాను. డ్యూటీ మానేసి ఎదురు రాకు. స్టేషన్ ముందు బండి ఆపు, అందరితో పాటు వరసలో ఎక్కుతాను. నీ వెనకే నిలబడతాను. బ్రేకు విసురుగా వేశావో, జనం ముందే తిడతాను.

మీ అమ్మ
ఖుమ్రి
సమర్ఖండ్ ట్రాము డ్రైవరు