లిఫ్టు లేని కొండ

జనవరి 16, ఆదివారం
Y2K గండం గడిచింది. సెలవు మంజూరైంది. ఫిబ్రవరిలో హొక్కైడో మంచు కొండలకి... రెండు చలికాలాలు లిఫ్టులున్న చోట స్కీయింగ్ నేర్చుకున్నాం. ఈసారి లిఫ్టు లేని కొండ, మనమే ఎక్కి మనమే దిగాలి. మా ఆయన కిరణ్, నేను, మా మేనేజర్ ప్రసాద్ గారు. గైడ్‌ని మాట్లాడింది ఆయనే.
ఇవాళ ప్రాక్టీసుకి వీపున బియ్యం బస్తాతో మా అపార్ట్‌మెంట్ బ్లాక్ మెట్లెక్కాను. లిఫ్టు పాడైందనుకుని కింది ఫ్లాట్ అంకుల్ జాలిగా — "లిఫ్ట్ స్పాయిల్ ఆ?" ఆయాసం. తల ఊపాను.

జనవరి 22, శనివారం
బీకన్లు వచ్చాయి. మంచు కొండచరియలా విరిగి మీద పడితే, కింద పూడినవాళ్ల ఒంటి మీది బీకన్ సిగ్నల్ పంపుతుంది. మన చేతిలోది దాన్ని వెతికి పట్టుకోవాలి. ఊపిరి ఆగేలోపు తవ్వాలి.
మా అమ్మాయి సిందు, వాళ్ల నాన్న బీకన్‌ని ఎక్కడో దాచింది. హాలు, పూజ షెల్ఫు, మళ్లీ హాలు... చివరికి బియ్యం డబ్బాలో దొరికింది.
"టూ స్లో లా, అమ్మా. నాన్న చచ్చిపోయాడు."
కిరణ్ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. మళ్లీ దాచమన్నాను. మళ్లీ. వంట ఆలస్యం... అయితే అయింది.

జనవరి 29
స్కీ బూట్లతో ఇంటి దగ్గరి బుకిట్ బటోక్ గుట్ట ఎక్కాను. ఒకటే చెమట. జనం చూస్తున్నారు — చూడనీ.

ఫిబ్రవరి 3, గురువారం
మీటింగ్. కొత్త సిస్టమ్ లైవ్ తేదీ ఖాయం. ప్రసాద్ గారు అందరి ముఖాలూ చూసి — "ఎనీ ఇష్యూస్?" టెస్టింగ్ సగంలో ఉందని అందరికీ తెలుసు. ఎవరూ నోరు మెదపలేదు. నేనూ అంతే. ముందు తేదీ, తర్వాత పని. శని, ఆదివారాలు కూర్చుని ఎలాగో నెట్టేస్తాం.
గైడ్ మెయిల్ ప్రింట్ తీసుకున్నాను. ఒక నియమం దగ్గర ఆగిపోయాను. ఒక్కరు వద్దన్నా అందరూ వెనక్కి రావాలట.
నేను అనగలనా? అనాలి.

ఫిబ్రవరి 17
సిందుని యూ టీ ఏరియాలో, మాకు తెలిసిన సరోజ ఆంటీ ఇంట్లో దింపాం. ఏడవలేదు. అమ్మా నాన్నా ఇద్దరం ఒకే వాలు మీద ఉంటాం... ఆ సంగతి ఇవాళే తట్టింది.

ఫిబ్రవరి 19, హొక్కైడో
పెన్ను రాయడం లేదు. పెన్సిల్. మంచు పడుతూనే ఉంది, గాలి.

ఫిబ్రవరి 20
తెల్లారేసరికి ఎండ. గైడ్ గుంట తవ్వి మంచు పొరలు చూపించాడు. పైన గాలి తెచ్చి పేర్చిన గట్టి పలక. దాని కింద పంచదార లాంటి మంచు, పట్టే లేదు. ఒక్కొక్కరుగా, అంచు వెంట దిగితే కుదరొచ్చు అన్నాడు. నమ్మకంగా అనలేదు.
ఎక్కేటప్పుడు వరుసలో చివర నేను. నా స్కీల కింద ధబ్బుమని ఏదో కుంగింది, కింది పొర విరుగుతున్న గుర్తు. ముందున్నవాళ్లకి వినపడలేదు.
వాలు పైన ప్రసాద్ గారు — "ఎండ బ్రహ్మాండం. రేపు ఒక్కరోజే మిగిలింది. ఎనీ ఇష్యూస్?"
కిరణ్ బూట్లు చూసుకుంటున్నాడు.
"ఉంది సార్. వెనకాల మంచు కుంగింది. నేను వద్దంటున్నాను."
గైడ్ ఇంకేం అడగలేదు, వెనక్కి తిరిగాడు. ప్రసాద్ గారు "ఇంత దూరం వచ్చి..." అని ఆపేశారు.

అదే రోజు, సాయంత్రం
కిటికీలోంచి ఆ వాలు కనిపిస్తోంది. చెక్కు చెదరలేదు.
"చూశావామ్మా, ఏం కాలేదు" — సూప్ తాగుతూ ప్రసాద్ గారు. వచ్చే నెల నా అప్రైజల్ ఆయన చేతిలోనే. భయంగానే ఉంది. అయినా అక్కడే కూర్చుని కడుపునిండా తిన్నాను.
ఫోన్‌లో సిందు. "నాన్న దొరికాడా?"
"ఇక్కడే ఉన్నాడు, నా పక్కన."
మళ్లీ మంచు మొదలైంది. కిరణ్ మెల్లగా — "రేపు కూడా వద్దంటావా?"
గుంట తవ్వి చూశాక చెప్తానన్నాను. పార నా మంచం పక్కన పెట్టుకున్నాను.