వెనక పేజీల కొలతలు

తమ్ముడూ,

నాలుగింటికల్లా షాపు మూసేసి, మార్కెట్టు వెనకున్న కొత్త డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళు. నీ పేరు రాయించేశాను. నీ మందుల ఫైలూ, కుట్టు కొలతల పుస్తకమూ రెండూ తీసుకెళ్ళు. మిషను మీద పెట్టాను.

కొలతల పుస్తకం ఎందుకంటావేమో. నిన్న తొందరలో ఫైలనుకుని దాన్నే పట్టుకెళ్ళాను. రెండింటికీ ఒకటే నీలం అట్ట వేస్తే నేనేం చెయ్యను? ఆవిడ ముందు తెరిస్తే అన్నీ చొక్కాలూ జాకెట్లే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడే వెనక పేజీలు తిప్పి, "ఇవెవరి కొలతలండీ?" అంది. నిన్ను చూసే మన పెద్ద డాక్టరుగారు పోయినప్పటినుంచీ, నొప్పి నడుములోంచి కాల్లోకి ఎంతదూరం పాకిందో రోజూ టేపుతో కొలిచి అంగుళాల్లో రాసుకున్నావు! ముగ్గురు డాక్టర్లు మావల్ల కాదన్నారు కదా, ఈవిడ ఆ పేజీలన్నీ చదివి, "పంపించండి, ఇకమీదట నెలనెలా నేనే చూస్తాను" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

అక్కడ కూడా "పర్వాలేదండీ" అన్నావంటే మాత్రం ఊరుకోను. అన్నం పొయ్యి పక్కనుంది, తిని వెళ్ళు.

అక్క

అన్నట్టు, నొప్పి పదహారు అంగుళాలున్న రోజునే నా జాకెట్టు కుట్టావని అందులోనే చూశాను. ఆ రోజూ "పర్వాలేదక్కా" అనే అన్నావు. ఇవాళ అదే వేసుకుని డ్యూటీకి వెళ్తున్నాను. చంక దగ్గర పట్టేస్తోంది. కుట్టిచ్చిన రోజు నేనూ బావుందనే చెప్పాను, ఒకే తాను ముక్కలం కదా. కుట్టు కాస్త వదులు చేద్దువుగాని. ఇవాళ కాదు.