వెనుక నుంచి పిలిస్తే

తొండుపల్లి,
12 ఆగస్టు 2011.

శ్రీలతకు మల్లేశ్వర్ రాసేది. ఇక్కడ నేను, అమ్మ, సింధు బాగున్నాం. పుట్టింట్లో నువ్వూ, కడుపులోని బిడ్డా సుఖంగా ఉంటే మాకదే చాలు.

సింధుకు జడ ఎవరు వేస్తున్నారని అడిగావు. నేనే. రెండు జడలు నాకింకా రావు, ఒక్కటే వేస్తున్నాను. దవాఖానకు ఎందుకు వెళ్లామని కూడా అడిగావు. ఫోన్లో సగం సగం చెప్తే పరేషాన్ అవుతావని రాస్తున్నాను. భయపడకు.

ఈమధ్య ఒక సెలవునాడు ఐస్‌ఫ్రూట్ బండి గంట మోగితే పిల్లలంతా ఉరికారు. సింధు మాత్రం వాళ్లను చూసి, ఆ తర్వాత లేచింది. చెవి సంగతేమో అని అమ్మతో అన్నాను.

"చెవుడేందిరా! ఇమానమొస్తే ముందుగాల తలెత్తేది గిదే" అంది అమ్మ.

అదీ నిజమే, విమానం చప్పుడు దానికి తెలుస్తుంది. మరి ఇదెలా? వెనుక నిలబడి పళ్లెం మీద గరిటె కొట్టాను, తిరిగింది. మెల్లగా పేరు పెట్టి పిలిచాను, తిరగలేదు. రెండు రోజులు ఇలాగే చూశాను.

శంషాబాద్ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, "మొండితనం, పెద్దయితే పోతుంది" అని టానిక్ రాశాడు. నువ్వుంటే అడిగేదానివి. నేను టానిక్ చీటీ జేబులో పెట్టుకుని బయటికొచ్చాను. బస్టాపు దాకా వచ్చాక, అడగకుండా ఇంటికెలా పోతానని వెనక్కి నడిచాను.

"సార్, ఇమానం ఇనబడుతది, నా మాట ఇనబడదు. గట్లెందుకు?"

ఆయన తలెత్తాడు. అప్పుడు చెవిలో లైటు వేసి చూశాడు. కోఠి చెవి దవాఖానకు చీటీ రాశాడు.

అక్కడి డాక్టరమ్మ పరీక్ష చేయించింది. జలుబుల వల్ల కర్ణభేరి వెనుక నీరు చేరిందట. పెద్ద చప్పుళ్లు తెలుస్తాయి, చిన్నవి తెలియవు. చాలామందికి దానంతటదే తగ్గుతుందట. మూడు నెలలకు మళ్లీ చూసి, తగ్గకపోతే చిన్న ఆపరేషన్ చేస్తారు. నాకు అర్థమయ్యేదాకా అడిగాను. ఆమె విసుక్కోలేదు.

ఇంకొకటి నీకు చెప్పలేదు. నువ్వు వెళ్లిన వారం, మూడుసార్లు పిలిచినా రాలేదని సింధు వీపు మీద కొట్టాను. ఏడవలేదు. ఎందుకు కొట్టానో తెలియక నా మొహం చూసింది. ఇది డాక్టరమ్మకూ చెప్పాను. ఆమె, "ఇకనుంచి ఎదురుగా వచ్చి మాట్లాడండి" అంది.

నిన్న ఎదురుగా కూర్చుని, "తప్పు నాదే బిడ్డా" అన్నాను. నా పెదవులనే చూస్తూ, "బాపూ, మళ్లొకసారి చెప్పు" అంది. వినబడక అడిగిందో, వినాలని అడిగిందో నాకు తెలియలేదు.

మళ్లీ చెప్పాను.

ఇట్లు,
సింధు బాపు
మల్లేశ్వర్